పదకొండు బడుల్లో పదకొండోది

జనవరిలో బడి తెరిచిన రెండో వారానికి ఆ కాగితం వచ్చేది. మా దీవిలోని పోర్ట్ లూయీ పట్నంలో మా వైపున్న ప్రాథమిక పాఠశాలలు పదకొండు. కిందటేడు ఆరో స్టాండర్డ్ పరీక్షకి ఏ బడి నుంచి ఎంతమంది కూర్చున్నారు, ఎంతమంది గట్టెక్కారు, నూటికి ఇంతమంది అన్న లెక్కన ఎవరిది ఎన్నో స్థానం, అంతా ఒకే పేజీలో టైపు కొట్టి పంపేవారు. మేం ఆ కాగితాన్ని కింద నుంచి చదివేవాళ్ళం. కింది వరసలో మా బడే ఉండేది కాబట్టి తక్కినది చదవాల్సిన పని ఉండేది కాదు.

నేను ఆ బడిలో ఆరో స్టాండర్డ్ చెప్పేదాన్ని. మా ఇల్లు పాంప్లెమూస్‌లో. తెల్లారకుండానే లేచి, ఇంటిల్లిపాదికీ రొట్టెలు కాల్చి, మొదటి బస్సు పట్టుకుని పట్నంలో దిగి, అక్కణ్ణించి కొండ వైపు అరగంట నడక. బడి చేరేసరికే రవిక వీపుకి అంటుకుపోయేది. పైన రేకుల కప్పు. పదిన్నర దాటితే గది పొయ్యి మీద పెట్టిన మూకుడులా కాలేది. ఒక బెంచీకి ఆరుగురు, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు కొందరు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది ఇళ్ళు కూలిన కుటుంబాలు మా బడిలోనే తలదాచుకున్నాయి. వాళ్ళలో చాలామంది తిరిగి చెరకుతోటల దగ్గరికి వెళ్ళలేదు, పట్నం అంచునే గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలందరూ మా రిజిస్టర్లోకి వచ్చారు. బెంచీలు మాత్రం రాలేదు.

పిల్లలు ఇంట్లో మాట్లాడేది క్రియోల్, కొందరు భోజ్‌పురి. పరీక్ష ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ. మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు ఇచ్చేవాళ్ళం. అవి తాగాక సగం మంది నిద్రపోయేవారు. నేను లేపేదాన్ని కాదు. వాళ్ళు నిద్రపోతున్న ఆ పది నిమిషాలూ నేనూ కుర్చీలో కళ్ళు మూసుకునేదాన్ని. ఇన్‌స్పెక్టర్ నన్ను ఒక సెప్టెంబరులో అలాగే పట్టుకున్నాడు.

ఆ ఇన్‌స్పెక్టర్ కోపిష్టి కాదు. కేకలు వేసి ఉంటే బాగుండేదేమో. కాగితం బల్లమీద పరిచి, రెండో స్థానంలో ఉన్న బడి మీద పెన్సిల్ పెట్టి, మెల్లగా అడిగాడు.

"వంతెన అవతలి బడి ఇది. మీకూ వాళ్ళకీ మధ్య ఒక్క వాగు. అదే ఎండ, అదే సిలబస్, అవే పుస్తకాలు. వాళ్ళు రెండు, మీరు పదకొండు. ఎందుకంటారు?"

మా హెడ్‌మాస్టరు గారు మెడలో చేతిరుమాలు సర్దుకున్నారు. పింఛనుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి. పిల్లల్ని కొట్టని అతి కొద్దిమంది హెడ్‌మాస్టర్లలో ఒకరు. చెప్పులు లేకుండా వచ్చిన పిల్లల్ని ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున వెనక బెంచీల్లోకి పంపేవారు, వాళ్ళు సిగ్గుపడకూడదని.

"మా పిల్లల్లో చాలామంది రోజూ రారండీ," అన్నారు.

"వాళ్ళ పిల్లలు ఎందుకు వస్తున్నారు?"

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "మీరు ఒక వారం ఆ బడికి వెళ్ళి చూడండి. వాళ్ళు ఏం చేస్తున్నారో రాసుకుని రండి. ఇక్కడా అదే చెయ్యండి."

అలా ఒక సోమవారం నేను వంతెన దాటాను. ఆ బడి నిజంగానే బాగుంది. నేల కడిగి ఉంది, నల్లబల్లకి కొత్త రంగు వేసి ఉంది. ఆరో స్టాండర్డ్ గదిలో ముప్పై మంది పిల్లలు సుఖంగా కూర్చుని డిక్టేషన్ రాస్తున్నారు. రెండు రోజులు నేను డిక్టేషన్లూ లెక్కల పద్ధతులూ రాసుకున్నాను. మేం చేసేదీ అదే. మూడో రోజు పక్కగదిలోకి తొంగి చూశాను. అది ఐదో స్టాండర్డ్. అక్కడ డెబ్బైకి పైనే ఉన్నారు, మా గదిలోలాగే ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ. కొందరికి మీసాలు వస్తున్నాయి.

చేతులు కడుక్కునే చోట ఆ బడి పెద్ద టీచరు ఒకావిడ ఉంటే అడిగాను. "ఐదులో అంతమంది ఉంటే ఆరులో ముప్పై మందే ఉన్నారేంటి?"

ఆవిడ చేతులు దులుపుకుని నా పుస్తకం వంక చూసింది. "ఇన్నాళ్ళూ ఏం రాసుకుంటున్నావు తల్లీ? గట్టెక్కుతారనుకున్నవాళ్ళనే పైకి పంపుతాం. తక్కినవాళ్ళు ఐదులోనే ఉంటారు. విసుగొచ్చి మానేస్తారు, లేదంటే మీ బడికి వస్తారు. ఇక్కడ నేర్చుకోవాల్సింది అదొక్కటే."

నేను ఆశ్చర్యపోయానంటే అబద్ధం. ఏటా మార్చిలో వాగు అవతలి నుంచి పెద్ద పిల్లలు ఐదారుగురు మా బడిలో చేరేవారు. ఎందుకొస్తున్నారని నేను ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఇంకో పని నెత్తిన పడుతుందని.

తిరిగొచ్చి హెడ్‌మాస్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మూడో రోజు పిల్లలు వెళ్ళిపోయాక ఆయన నా గదికి వచ్చి, పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు.

"మూడేళ్ళుగా ఆ కాగితానికి జవాబు రాస్తున్నాను మిస్. ప్రతి ఏడూ అవే మాటలు. ఈసారి ఏం రాయాలో తెలియడం లేదు." రిజిస్టర్ నా వైపు జరిపి అన్నారు, "పరీక్షకి పేర్లు పంపే గడువు వచ్చే వారం. ఎవరు గట్టెక్కరో మీకు తెలుసు. ఒక జాబితా చేసివ్వండి. వాళ్ళ పేర్లు ఈ ఏడు పంపొద్దు."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు."

నేను కాదనలేదు. అరవై నాలుగు పేర్లున్న రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పద్దెనిమిది పేర్లు రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. పంతొమ్మిదో పేరు దగ్గర ఆగాను.

ఆ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ అమ్మానాన్నలు బాన్ అక్యూయ్ వైపు చెరకుతోటల్లో పనిచేసేవాళ్ళు. తుఫాను తర్వాత పట్నం వచ్చారు. తండ్రి రేవులో చక్కెర బస్తాలు మోసేవాడు. తల్లి వాగు ఒడ్డున ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికేది. సోమవారం మూటలు తేవాలి, గురువారం ఇస్త్రీ చేసినవి అప్పగించాలి, కాబట్టి ఆ రెండు రోజులూ పిల్ల బడికి రాదు. బడి అయ్యాక మెట్ల కింద నేను చెప్పే తెలుగు క్లాసుకి మాత్రం మానకుండా వచ్చేది. ఎనిమిది మంది ఉండేవారు ఆ క్లాసులో. నాకొచ్చిన తెలుగంతా మా ఊరి మందిరంలో పంతులుగారి దగ్గర సాయంత్రాలు నేర్చుకున్నది. దాన్నే వాళ్ళకి పంచేదాన్ని. అ ఆలు దిద్దుతూ ఆ పిల్ల వాళ్ళ అవ్వ పాడే భజన ఒకటి కూనిరాగం తీసేది. ఆ మాటలకి అర్థం ఏమిటని నన్ను అడిగేది. నాకూ సగమే తెలుసు.

లెక్కల్లో చురుకు. ఫ్రెంచి ఫరవాలేదు. ఇంగ్లీషు వ్యాసం మాత్రం నాలుగు ముక్కలు రాయలేకపోయేది. కూర్చోబెడితే గట్టెక్కొచ్చు, ఎక్కకపోవచ్చు. పేరు రాశాను. రబ్బరుతో చెరిపాను. బయట బస్సు వేళ అవుతోంది. ఆ బస్సు తప్పితే ఇంకో గంటన్నర ఆగాలి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి ముట్టించాలి. మళ్ళీ రాశాను.

ఇన్నేళ్ళ తర్వాత దానికి ఏదైనా మంచి కారణం చెప్పుకుందామని చూస్తాను. బడి పరువు కోసమనో, పెద్దాయన పింఛను కోసమనో. అదేమీ కాదు. నేను ఆ సాయంత్రం అలసిపోయి ఉన్నాను. అంతే.

పేర్లు పంపిన నాలుగు రోజులకి తల్లి వచ్చింది. తడి చీరె అంచు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని, వాగు దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టుంది. వేళ్ళు నాని ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు. క్రియోల్‌లోనే మాట్లాడింది.

"మిస్, మా అమ్మాయి పేరు లేదంట. నిజమేనా?"

"ఈ ఏడు వద్దనుకున్నాం. సోమ, గురువారాలు రావడం లేదు కదా. వచ్చే ఏడు కూర్చుంటుంది."

"వచ్చే ఏటికి దానికి వయసు దాటిపోతుంది. బడిలో ఉంచుకోరని చెప్పారు."

ఆ సంగతి నాకు తెలుసు. జాబితా రాసేటప్పుడు పుట్టినతేదీలు నా ముందే ఉన్నాయి.

"ఇక నుంచి ఆ రెండు రోజులు కూడా పంపిస్తాను," అంది. "మూటలు నేనే మోసుకుంటాను."

"పేర్లు వెళ్ళిపోయాయి."

ఆమె గుమ్మం పట్టుకుని ముందుకి వంగింది. తర్వాత గొంతు తగ్గించి, అంతవరకూ మాట్లాడిన భాష వదిలేసి, ఒక్క మాట తెలుగులో అంది.

"అక్కా."

ఆమెకి వచ్చిన తెలుగు అదీ, ఇంకో పది మాటలూ అయి ఉంటుంది. కూలికి వచ్చిన మా ఇద్దరి తాతలూ ఒకే రేవులో ఓడ దిగి ఉంటారు. నేను ఆ మాటకి తెలుగులో బదులు చెప్పి ఉండాల్సింది. పక్కన వేరే పిల్లల తల్లులు నిలబడి ఉన్నారు.

"చెయ్యగలిగిందేమీ లేదు, మదాం," అన్నాను.

మదాం అన్నాను ఆమెని. ఆమె తలవంచుకుని, చీరె కిందికి దించుకుని వెళ్ళిపోయింది.

మరుసటి సోమవారం నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. మెట్ల కింద క్లాసులో ఏడుగురు మిగిలారు.

ఆ ఏడాది మేం అయిదో స్థానానికి వచ్చాం. కాగితం వచ్చిన రోజున హెడ్‌మాస్టరు గారు స్వయంగా బజారుకి వెళ్ళి వేడివేడి మిరపకాయ వడలు పొట్లం కట్టించుకుని వచ్చారు. టీచర్లందరం ఆయన గదిలో నిలబడి తిన్నాం. ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఈ అభివృద్ధి ఎలా సాధ్యమైందో ఒక పేజీ రాసి పంపితే తక్కిన బడులకి కూడా పంపిస్తామన్నారు. ఆ పేజీ రాసే పని నాకే వచ్చింది.

ఆదివారం ఇంట్లో కూర్చుని నిజం రాశాను. అరవై నలుగురిలో పంతొమ్మిది మందిని కూర్చోనివ్వలేదనీ, వాళ్ళలో పద్నాలుగు మంది బడి మానేశారనీ, వంతెన అవతల ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నది ఇదేననీ, అందుచేత ఈ బడిని ఆ బడితో పోల్చడంలో అర్థం లేదనీ రాశాను. సోమవారం దాన్ని హెడ్‌మాస్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు, తర్వాత కూర్చుని ఇంకోసారి చదివారు.

"ఇందులో తప్పు ఒక్కటీ లేదు," అన్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నాకింకా ఎనిమిది నెలలుంది మిస్."

మర్నాడు నేను ఇంకో పేజీ రాశాను. రోజూ డిక్టేషన్, వారం వారం పరీక్షలు, తల్లిదండ్రుల సహకారం. దాన్ని పంపించారు. కొన్ని బడుల్లో చదివి వినిపించారని తర్వాత విన్నాను.

ఆ వారంలోనే ఒకరోజు బస్సుకి వెళ్తూ వాగు వైపు దిగాను. ఎందుకు దిగానో సరిగ్గా చెప్పలేను. క్షమించమని అడగాలనే ఉద్దేశమైతే లేదు. ఆ పిల్ల మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మగవాళ్ళ చొక్కాలు రాతికేసి బాదుతోంది. పక్క రాయి దగ్గర తల్లి. తల్లి నన్ను చూసి మళ్ళీ పనిలో పడింది. పిల్ల మాత్రం తడి చేత్తో మొహం తుడుచుకుని, "నమస్కారం మిస్," అంది. మెట్ల కింద నేను నేర్పించినట్టే, రెండు చేతులూ జోడించి.

"బాగున్నావా?"

"బాగున్నాను." చొక్కా పిండుతూ అడిగింది, "పరీక్షలో లెక్కలు ఏమిచ్చారు మిస్?"

నాకు ఒక్కటే బాగా గుర్తుంది, ఎందుకంటే మా పిల్లలు దానిమీద చాలా అవస్థ పడ్డారు. చెప్పాను. ఒక్కో పడవలో నూట ఇరవై అయిదు చక్కెర బస్తాలు. ఒక్కో బస్తా ఎనభై కిలోలు. పడవలు ఆరు. మొత్తం ఎన్ని టన్నులు?

ఆ పిల్ల చొక్కాని రాతిమీద ఒకసారి కొట్టింది, తిప్పి ఇంకోసారి కొట్టింది.

"అరవై," అంది.

"ఎలా చేశావు?"

"ఎనిమిది నూట ఇరవై అయిదులు వెయ్యి కదా. ఎనభై అయితే పదివేలు. అంటే పడవకి పది టన్నులు." అంతలోనే తప్పేమోనని సందేహం వచ్చినట్టుంది. "బస్తా ఎనభై కిలోలే మిస్. మా నాన్న మోస్తాడు."

"సరిగ్గానే చేశావు," అన్నాను. నేను నల్లబల్ల మీద ఆ లెక్కని మూడు వరసల గుణకారంతో చేసి చూపించాను, పరీక్ష అయిన మర్నాడు.

తల్లి తల ఎత్తకుండానే, "నీళ్ళు మురికవుతాయి, తొందరగా కానియ్యి," అంది కూతురితో. నేను గట్టెక్కి బస్సు దగ్గరికి వచ్చేశాను. ఆ రోజు కూర్చోవడానికి సీటు దొరికింది. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను గానీ నిద్ర రాలేదు.

ఆ తర్వాత ఏదో ఒకటి చెయ్యాలనిపించి కనుక్కున్నాను. వయసు దాటిన పిల్లలు ఆ పరీక్షకి విడిగా కూర్చోవచ్చునా అని విద్యాశాఖ ఆఫీసులో ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకరు కూర్చోవచ్చన్నారు, ఒకరు కుదరదన్నారు, మూడో ఆయన కాగితం పెట్టుకోమన్నాడు. కాగితం పెట్టాను. జవాబు రాలేదు. రెండోసారి గుర్తు చేద్దామనుకునేలోపు ఆ పిల్ల అవ్వ బజారులో కనిపించి చెప్పింది, పిల్లని కార్తియే మిలితేర్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనికి పెట్టారని. "దండం తల్లీ," అని నా చేతులు రెండూ పట్టుకుంది ఆ ముసలామె. ఆమెకి జాబితా సంగతి ఎవరూ చెప్పలేదనుకుంటాను. చెప్పినా పట్టుకునేదేమో.

మరుసటి ఏడు పేర్లు పంపే వేళకి హెడ్‌మాస్టరు గారు పింఛను తీసుకుని వెళ్ళిపోయారు. కొత్తాయన నన్ను పిలిచి, కిందటేటి లాగే చెయ్యమన్నాడు. నేను రిజిస్టర్లో ఉన్న అందరి పేర్లూ రాసి ఇచ్చాను.

"ఇదేమిటి? జాబితా అడిగాను," అన్నాడు.

"ఇదే జాబితా."

"మళ్ళీ అడుగుకి వెళ్తాం. మీకు తెలుసా?"

"తెలుసు."

"మీకేం ఒరుగుతుంది దీనివల్ల?"

ఏమీ ఒరగదని నాకూ తెలుసు. ఆ పిల్ల తిరిగి రాదు. ఆయన వాదించాడు, బతిమాలాడు కూడా. చివరికి గడువు దాటుతోందని సంతకం పెట్టి పంపాడు. ఇదేదో ధైర్యమని అనుకోకండి. ఇంకో జాబితా రాసే ఓపిక నాకు లేదు. అన్ని పేర్లూ వరసగా ఎక్కించడమే తేలిక.

మళ్ళీ పదకొండో స్థానం. కానీ కిందటేటి లెక్కన అయితే ఆపేసి ఉండేవాళ్ళలో నలుగురు గట్టెక్కారు. ఆ నలుగురిలో ఒకడు మంగలి కొడుకు. సర్టిఫికెట్ పట్టుకుని తండ్రితో కలిసి వచ్చి నాకు ఒక పనసతొన అరిటాకులో చుట్టి ఇచ్చాడు. కొత్త హెడ్‌మాస్టరు దాన్ని చూశాడు, నా మీద పైకి రాసిన ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అంతకుముందు నా పేరు పదోన్నతి కోసం అనుకున్నారట, అది పక్కకి పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళూ నేను అందరి పేర్లే పంపాను. పది, పదకొండు, పదకొండు, పది. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడల్లా అదే పెన్సిల్‌తో అదే చోట గీత గీసేవాడు. రెండోసారి రాగానే ఆయనకి నిజం చెప్పాను. "అలా చూస్తే ప్రతి బడికీ ఏదో ఒకటి ఉంటుంది మిస్," అన్నాడు. ఆయన కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. ఆయన పైన ఇంకెవరో పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఉంటారు.

స్వతంత్రం వచ్చిన ఏడు మొదట్లో పట్నంలో గొడవలయ్యాయి. వీధికీ వీధికీ పడలేదు. బస్సులు ఆగిపోయాయి, మా బడికి కొన్నాళ్ళు తాళం పడింది. తెరిచాక చూస్తే రిజిస్టర్లో సగం పేర్లకి పిల్లలు లేరు. కొందరు ఈ పేట వదిలి ఆ పేటకి పోయారు, ఆ పేట నుంచి కొందరు ఇక్కడికి వచ్చారు. మార్చిలో జెండా ఎగరేశాం. పిల్లలకి తలో మిఠాయి ఇచ్చి, చిన్న కాగితం జెండాలు పంచాం. ఎండకి ఇద్దరు ముగ్గురు సొమ్మసిల్లితే నేను వాళ్ళని నీడలోకి మోసుకెళ్ళడంలో ఉండిపోయాను. జెండా పైకి వెళ్ళడం నేను చూడనేలేదు.

ఆ ఏడాది చివర నాకు బాన్ అక్యూయ్ దగ్గరి ఒక పల్లెబడికి బదిలీ వచ్చింది. శిక్ష అని కొందరు, మేలు అని కొందరు అన్నారు. నేనేమీ అనుకోలేదు. చుట్టూ చెరకు. గాలి వీచినప్పుడు కిటికీలోంచి చల్లగా వచ్చేది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ నా వయసూ నా వాలకమూ చూసి, "ఆరు తీసుకుంటారా?" అని అడిగింది.

"ఒకటి ఇవ్వండి," అన్నాను.

"ఆరు చెప్పినవాళ్ళు ఒకటి అడగరే!"

"నేను అడుగుతున్నాను."

ఒకటో స్టాండర్డ్‌ని ఏ బడితోనూ ఎవరూ పోల్చరు. మొదటి రోజు ఉదయం నలభై మంది, అందులో సగం మంది తల్లుల కొంగులు వదలకుండా ఏడుస్తున్నారు. ఒక పిల్ల భయంతో గచ్చు తడిపేసింది. గుడ్డ ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియలేదు. నా చేతిసంచీలోంచి తువ్వాలు తీసి నేల తుడిచాను. ఆ పిల్లని పంపు దగ్గరికి తీసుకెళ్ళి కాళ్ళు కడిగాను. తర్వాత లోపలికి వచ్చి కూర్చుని, ఒక్కొక్కళ్ళనే పేరేమిటని అడగడం మొదలుపెట్టాను.